‘ప్లెయిన్ టెక్స్ట్ టీచర్లకు పనికిరాదు’ అంటున్న మెసేజ్‌కి నా జవాబు

ఈమధ్య నల్లగొండ, పాలమూరు టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: మార్క్‌డౌన్ లాంటి గుర్తులు పెట్టి ప్లెయిన్ టెక్స్ట్‌లో, అంటే ఫాంట్లూ సైజులూ ఏమీ లేని వట్టి అక్షరాల ఫైల్‌లో, పాఠాలు, వర్క్‌షీట్లు తయారుచేయడం సాఫ్ట్‌వేర్ వాళ్ల పని, అందులో తెలుగు రాదు, లెక్కలూ టేబుళ్లూ రావు, పిల్లలకు మార్కులేస్తే చాలు కామెంట్లు ఎవరూ చదవరు, ఊరికే టైం వేస్ట్.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నా వర్క్‌షీట్లు, ప్రశ్నపత్రాలు, పిల్లలకు రాసిచ్చే కామెంట్లు అన్నీ ప్లెయిన్ టెక్స్ట్‌లోనే ఉంటాయి. ఆ మెసేజ్ చదివి కొత్తగా చేరిన టీచర్లు మొదలుపెట్టకముందే వెనక్కి తగ్గుతున్నారు, అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నా.

సాఫ్ట్‌వేర్ వాళ్ల పని అన్నది ముందు చూద్దాం. ఆ మెసేజ్‌లోనే ‘తెలుగు రాదు’ అన్న ముక్క బోల్డ్‌లో ఉంది. వాట్సాప్‌లో బోల్డ్ ఎట్లా వస్తుంది? మాటకు ముందొక *, వెనకొక * పెడితే వస్తుంది. మార్క్‌డౌన్ కూడా అంతే, కాకపోతే బోల్డ్‌కి అటూ ఇటూ రెండేసి పెట్టాలి. శీర్షికకు ముందు #, ఉపశీర్షికకు ##, జాబితాలో ఒక్కో వరుసకు ముందు చిన్న గీత. రోజూ గ్రూపుల్లో మెసేజ్‌లు పెట్టే మనిషికి ఇందులో సగం వచ్చినట్టే. పైగా 2004లో మార్క్‌డౌన్‌ని తెచ్చిన జాన్ గ్రూబర్ పెట్టుకున్న మొదటి షరతే, ఆ ఫైలును ఏ మార్పూ చేయకుండా చదివినా హాయిగా చదవగలగాలని. ఆ ఫైలును వర్డ్‌కీ, పీడీఎఫ్‌కీ, వెబ్ పేజీకీ మార్చిపెట్టే పాన్‌డాక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను 2006లో మొదలుపెట్టింది జాన్ మెక్‌ఫార్లేన్, ఆయన బర్క్‌లీ యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. అంటే మనలాగే పాఠం చెప్పుకునే మనిషి.

ఇక తెలుగు రాదన్న మాట. ఇది ఎక్కడినుంచి పుట్టిందో నాకు తెలుసు. పాన్‌డాక్‌తో నేరుగా పీడీఎఫ్ చేయబోతే అది పేజీలు కూర్చడానికి మామూలుగా వాడే లేటెక్ ఇంజిన్ అనే ప్రోగ్రామ్‌కు తెలుగు అక్షరాలు తెలియవు, ఎర్రర్ చూపించి ఆగిపోతుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఇంజిన్‌ను జీలేటెక్‌కి (xelatex) మార్చి, ఫైల్ మొదట్లో ఒక తెలుగు ఫాంట్ పేరు రాస్తే సరిపోతుంది. మండలి, గిడుగు, నోటో, ఇవన్నీ ఉచితంగా దొరికేవే. ఫాంట్ పేరు మాత్రం మరవొద్దు, రాయకపోతే ఎర్రర్ ఏమీ రాదుగానీ అక్షరాలు ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది. ఇదంతా టెన్షన్ అనుకుంటే పీడీఎఫ్ జోలికి పోకుండా వర్డ్ ఫైల్‌గా మార్చుకోండి, వత్తులూ గుణింతాలూ చక్కగా కూర్చుంటాయి, ప్రింట్ అక్కడినుంచే ఇవ్వొచ్చు.

నిజానికి తెలుగు పోయేది పాత పద్ధతిలో. డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాన్ని ఒకేలా గుర్తించే పద్ధతి) కాని ఫాంట్‌తో కొట్టించిన ప్రశ్నపత్రాన్ని ఆ ఫాంట్ లేని ఇంకో కంప్యూటర్‌లో తెరవండి, ఇంగ్లిష్ అక్షరాలూ పిచ్చి గుర్తులూ వస్తాయి. దాంట్లో ఒక మాట వెతుకుదామన్నా దొరకదు. చూపులేని పిల్లలకు, టీచర్లకు ఇది ఇంకా పెద్ద దెబ్బ, ఎందుకంటే ఎన్‌వీడీఏ లాంటి ఉచిత స్క్రీన్ రీడర్ యూనికోడ్ తెలుగును పైకి చదివి వినిపిస్తుంది, శీర్షికలు సరిగ్గా ఉన్న వెబ్ పేజీ అయితే ఒక్క మీట నొక్కి ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు తీసుకుపోతుంది, అదే పాత ఫాంట్ ఫైల్ ఇస్తే అర్థంలేని అక్షరాలు చదువుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. ఇన్నేళ్ల తర్వాత కూడా పాత ఫాంట్లలో కొట్టించుకుంటూ తెలుగు రాదని ప్లెయిన్ టెక్స్ట్‌ను అనడం అన్యాయం.

లెక్కల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. $3^2 + 4^2 = 5^2$ అని టైపు చేస్తే వర్డ్‌లోకి మారాక వర్గాలు పైన కూర్చున్న అసలు సమీకరణం వస్తుంది. రసాయన ఫార్ములాల్లో కింద రాసే అంకెను రెండు ~ గుర్తుల మధ్య పెడితే పాన్‌డాక్ దాన్ని కిందికి దించుతుంది.

టేబుల్ ఎట్లుంటుందో మా వర్క్‌షీట్‌లోదే చూపిస్తా. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ దెబ్బతినే జబ్బు, దాని సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా, తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన పరిమితులు ఇవి:

| ఫ్లోరైడ్ (లీటరుకు మి.గ్రా.) | అర్థం |
|---|---|
| 1.0 | ఇంతవరకు ఉండొచ్చు |
| 1.5 | వేరే నీళ్లు దొరకనప్పుడు గరిష్ఠంగా |

ఇంతే. దీనికింద పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ టెక్నిక్ గురించి మూడు ప్రశ్నలు. ఇదే ఫైల్ తీసుకుని అచ్చంపేటలో పనిచేసే టీచర్ తమ ఊరి బోరునీళ్ల రిపోర్టులోని అంకెతో ఇంకో వరుస కలపాలంటే ఫోన్‌లో నోట్స్ యాప్ చాలు. గడులు కలిపేసే పెద్ద టేబుళ్లకు, బబుల్స్ దిద్దే జవాబుపత్రాలకు మాత్రం వర్డే మేలు. మ్యాప్ అయితే బొమ్మగా పెట్టుకోవాలి.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది కామెంట్లు ఎవరూ చదవరన్న మాట. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు బడిపిల్లల మీద చేసిన అధ్యయనంలో, కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి కామెంట్లు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చి చూశారు. తర్వాతి పనిలో మెరుగుపడింది కామెంట్లు మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లకు కామెంట్ వల్ల లాభం రాలేదు, మార్కు కనబడగానే పిల్లల చూపు దాని మీదే ఆగిపోతుంది మరి. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు మన క్లాసులో జరిగేది గుర్తు తెచ్చుకోండి, నీకెన్ని నాకెన్ని అన్న గోల తప్ప ఎక్కడ తప్పు పోయిందని చూసేవాళ్లు ఎంతమంది? కాబట్టి కామెంట్ ముందు ఇచ్చి, దాన్ని చూసి సరిదిద్దుకుని వచ్చాక మార్కు చెప్పడం మంచిది. ‘గుడ్’, ‘ఇంప్రూవ్’ అని రాస్తే మాత్రం నిజంగానే ఎవరూ చదవరు, చదవడానికి అందులో ఏముందని!

అయితే క్లాసులో అందరికీ ఇట్లా రాయాలంటే చెయ్యి నొప్పి పుడుతుంది. ప్లెయిన్ టెక్స్ట్ ఆదుకునేది ఇక్కడే. నా దగ్గర క్లాసుకొక ఫైల్ ఉంటుంది. పైన ‘తరచూ వచ్చే తప్పులు’ అని ఒక భాగం, ఉదాహరణకు ‘ప్రమాణం రాయలేదు, ప్రతి మెట్టులోనూ ప్రమాణం రాస్తూ 4వ లెక్క మళ్లీ చెయ్యి’. దానికింద ## పెట్టి రోల్ నంబర్, నంబర్ కింద తేదీ, ఏ పరీక్ష, ఏం రాశాను. ఎక్కువమంది చేసిన తప్పుకు ఒక్కసారి శ్రద్ధగా రాసి, ఆ మాట కాపీ చేసి, చివర ఆ పిల్లకో పిల్లాడికో ప్రత్యేకంగా ఒక వాక్యం కలుపుతాను. ప్రింట్ తీసి పేపర్‌కి పిన్ చేస్తాను. పేరెంట్స్ మీటింగ్ రోజు రోల్ నంబర్ వెతికితే ఎఫ్ఏ-1 నుంచి ఆ రోజు దాకా ఆ పిల్ల ఎక్కడ తడబడింది, ఎక్కడ నిలదొక్కుకుంది అంతా ఒకచోట కనిపిస్తుంది, వాళ్లమ్మకు నోటి లెక్కగా కాకుండా ఉన్నదున్నట్టు చెప్పగలుగుతాను. ఆ ఫైల్‌లో పేర్లు పెట్టొద్దు, గ్రూపుల్లో అస్సలు పంపొద్దు, అది ఆ పిల్లల సొంత విషయం.

టైం వేస్టా? మొదట్లో పాన్‌డాక్ ఎక్కించుకుని, ఫాంట్లూ మార్జిన్లూ సరిచేసిన ఒక వర్డ్ నమూనా పెట్టుకునేదాకా టైం పడుతుంది, దాచేదేం లేదు. ఆ తర్వాత ప్రతి వర్క్‌షీట్ అదే రూపంలో దానంతటదే వస్తుంది. ఫైల్ కూడా పేజీకి కొన్ని కేబీలే, తండాలో సిగ్నల్ సరిగ్గా లేకపోయినా పోతుంది.

ఎవరైనా ఒక్క వర్క్‌షీట్ ఇట్లా టైపు చేసి చూడండి. వర్డ్‌కి మార్చేటప్పుడు ఎక్కడ ఆగినా ఆ ఫైల్ నాకు పంపండి, సరిచేసి, ఏ గుర్తు ఎక్కడ తప్పిందో పక్కనే రాసి తిరిగి పంపుతా.