రాసి పెట్టుకోమన్నారు, రాసుకున్నాను

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. ఒళ్లు ఇంకా మండిపోతోంది. ఏదో కొత్త రూల్ వస్తోందట. ఇంకా అమల్లోకే రాలేదు. మా బావగారు మాత్రం "ఆరు నెలల్లో అంతా సెట్ అయిపోతుంది, రాసి పెట్టుకో" అన్నారు. నేను నిజంగానే పెన్ను తీసి, "సరే బావగారూ, ఏది ఎంత తగ్గితే సెట్ అయినట్టు?" అని అడిగాను. అంతే! "నీకు ప్రతిదానికీ వంకలు పెట్టడమే పని" అట.

వంక ఎక్కడ పెట్టాను స్వామీ? లెక్క అడిగాను.

ఈ గ్యారంటీ గొంతులు ఎన్ని వినలేదు! 1958లో చైనాలో మావో సర్కారు, పిచ్చుకలు ధాన్యం తినేస్తున్నాయి, చంపేయండి అంది. జనం డప్పులు, గిన్నెలు వాయించి వాటిని ఎక్కడా వాలనివ్వలేదు. తీరా అవి తినే పురుగులు పంటల మీద పడ్డాయి. 1960లో చంపాల్సిన వాటి జాబితా నుంచి పిచ్చుకను తీసేసి నల్లిని పెట్టారు. తప్పైపోయిందని ఒప్పుకోవడం కన్నా నల్లి దొరకడం తేలిక కదా! మెక్సికో సిటీలో 1989లో పొగ తగ్గాలని, నంబర్ ప్లేటును బట్టి వారానికో రోజు కారు తీయొద్దన్నారు. కాగితం మీద భలే ఉంది. జనం ఇంకో నంబరున్న రెండో కారు కొన్నారు, అందులోనూ పాత డొక్కులు. (రూల్ రాసేటప్పుడు ఆ గదిలో ఒక్క గడుసువాడినైనా కూర్చోబెట్టరేం?)

అలాగని "ఏం చేసినా ఏమీ మారదు" బ్యాచ్ మీద నాకేం ప్రేమ లేదు. వాళ్లదీ జోస్యమే, కాకపోతే ఏడుపు మొహంతో చెప్తారు. స్టాక్‌హోమ్ నడిబొడ్డుకి వచ్చే కార్లకి రుసుము అంటే అక్కడ ఎంత గోల జరిగిందో! వాళ్లు వాదించుకుంటూ కూర్చోకుండా 2006లో ఏడు నెలలు పెట్టి చూశారు. ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది. ఆ సెప్టెంబర్లో ఓటు పెడితే ఆ నగరం జనమే సరే అన్నారు.

పెట్టి చూడమనే నేనూ అన్నది, మా ఆఫీసులో. మూడేళ్లయింది, ఇంకా మర్చిపోలేదు. సెలవుల అప్రూవల్‌కి కొత్త పద్ధతి తెస్తామంటే "ముందు ఒక్క టీమ్‌లో నెల రోజులు చూద్దాం సార్" అన్నాను. "కాస్త పాజిటివ్‌గా ఆలోచించడం నేర్చుకోండి" అని అందరి ముందూ అన్నారు. అప్రైజల్లోనూ అదే రాశారు. నాలుగు నెలలకి ఆ పద్ధతి చడీచప్పుడు లేకుండా మాయమైంది. అప్రైజల్లో మాట మాత్రం అలాగే ఉంది. గ్యారంటీ ఇచ్చినాయనకేమో ప్రమోషన్!

అందుకే ఈసారి వదల్లేదు. బావగారి మాట తేదీ, టైముతో సహా డైరీలో రాశాను. కింద "ఎంత తగ్గాలి?" అని ఖాళీ వదిలి, ఫొటో తీసి ఆయనకే పంపాను. నీలం టిక్కులు పడి గంటైంది.