కాక్‌పిట్‌లో ఏం జరిగిందో ఎవరు చెప్పాలి?

నేవీ డే విన్యాసాలకు విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లినవాళ్లకు ఇది తెలుసు. ఫైటర్ విమానం తల మీద నుంచి దూసుకుపోయాక గానీ అసలు చప్పుడు చెవిన పడదు. చప్పుడు వచ్చిన వైపు చూస్తే ఖాళీ ఆకాశమే. ఒకసారి నా పక్కన తండ్రి భుజాల మీద కూర్చున్న పిల్లాడు చెవులు మూసుకుని, "నాన్నా, లోపలున్నాయనకి భయం వెయ్యదా?" అని అడిగాడు. "మిలట్రీ వాళ్లురా, వాళ్లకి భయమేంటి" అన్నాడు తండ్రి. మనమంతా చెప్పే జవాబే అది. నాకు మాత్రం అది తప్పనిపిస్తుంది.

గంటకు 900 కిలోమీటర్లంటే సెకనుకు 250 మీటర్లు. మనం నడిస్తే మూడు నిమిషాలు పట్టే దూరం. శత్రువు వెనకపడితే విమానాన్ని ఒక్కసారిగా తిప్పాలి. ఆ మలుపులో ఒంటి బరువు ఆరేడు రెట్లవుతుంది. 70 కిలోల మనిషి 490 కిలోలవుతాడు. రక్తం తలలోంచి కాళ్లలోకి దిగిపోతుంది. ముందు రంగులు పోయి అంతా బూడిదగా కనిపిస్తుంది, తర్వాత చూపు అంచుల నుంచి మూసుకుపోతుంది, ఇంకా లాగితే స్పృహే తప్పుతుంది. అందుకే పైలట్ తొడుక్కునే జీ-సూట్ పొట్టనీ కాళ్లనీ నొక్కిపడుతుంది, పైలట్ కండరాలన్నీ బిగబడతాడు. అలా ఉండగానే మెడ తిప్పి వెనక్కి చూడాలి, ఫ్యూయల్ ఎంత మిగిలిందో చూసుకోవాలి. భయపడే తీరిక ఉండదేమో గానీ, భయమే ఉండదని ఎలా అంటాం?

1971 నవంబరు 22న బెంగాల్ సరిహద్దులోని బోయ్రా మీద మన నాలుగు నాట్ విమానాలు పాకిస్తాన్ సేబర్ ఫైటర్లను ఎదుర్కొన్నాయి. కొద్ది నిమిషాల్లో అంతా అయిపోయింది. రెండు సేబర్లు కూలాయి, ఒకటి దెబ్బతిని వెళ్లిపోయింది. టీవీ చర్చల్లో కథ ఈ లెక్కతోనే ఆగుతుంది. ఆ రోజు పారాచూట్‌తో దూకి మనకు చిక్కిన పర్వేజ్ మెహదీ ఖురేషీ తర్వాత పాకిస్తాన్ వైమానిక దళాధిపతి అయ్యారు. అప్పుడు ఆ పోరులో పాల్గొన్న మన పైలట్ డాన్ లాజరస్ అభినందిస్తూ ఉత్తరం రాశారు, దానికి జవాబూ వచ్చింది. నాకు ఆ స్కోరు కన్నా ఈ ఉత్తరమే ఎక్కువ చెబుతుంది.

ఒంటి సీటు విమానంలో జరిగినదానికి పక్కన సాక్షి ఉండడు. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ వైమానిక స్థావరం సర్గోధా మీదికి వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య తిరిగి రాలేదు. తన మిస్టీర్ విమానం కన్నా ఎంతో వేగమైన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్‌ను ఆయన కూల్చారన్న సంగతి మనకు ఏళ్ల తర్వాత, అదీ అవతలి వైపు కథనాల నుంచి తెలిసింది. మహావీర చక్ర ఇచ్చేసరికి 1988 వచ్చింది. చెప్పేవాళ్లు లేకపోతే ఇంతే.

విశాఖకు ఈ విషయంలో బాధ్యత ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ మన తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన సంగతి ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఘాజీ వెతుక్కుంటూ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. ఆ విక్రాంత్ నుంచే మర్నాడు సీ హాక్ విమానాలు లేచి కాక్స్‌బజార్ మీద దాడి చేశాయి. బాయిలర్‌లో పగుళ్లతో ఆ ఓడ పూర్తి వేగం అందుకోలేని పరిస్థితి. అలాంటి డెక్ మీద నుంచి లేచి, దాడి చేసి, మళ్లీ దాని మీదే దిగిన పైలట్ల సాయంత్రం ఎలా గడిచిందో మనలో ఎంతమందికి తెలుసు?

బీచ్ రోడ్డులో టీయూ-142 చూసి వచ్చేవాళ్లు ఎంత పొడవు, ఎంత వేగం అని మాట్లాడుకుంటారు. అది ఫైటర్ కాదు, సముద్ర నిఘా విమానం. అయినా అందులోనూ మనుషులే కూర్చున్నారు. నేవీలో రిటైరై ఇక్కడే స్థిరపడ్డవాళ్లు ఈ ఊళ్లో ఎందరో. 1971లో పాతికేళ్లున్నవాళ్లు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉంటారు. ఆంధ్రా యూనివర్సిటీ చరిత్ర విద్యార్థులు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి వాళ్ల ఎదురుగా కూర్చుంటే చాలు. ఎన్ని కూల్చారని కాదు. దిగాక చేతులు వణికాయా, ఆ రాత్రి అన్నం సయించిందా, తిరిగి రాని స్నేహితుడి సామాను ఎవరు సర్దారు అని అడగాలి.