అమలసుంత: సొంత పేరుతో ఏలనివ్వని రాజ్యంలో రాణి

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 530 నాటి దంతపు పలకల జంట ఒకటి ఉంది. ఒరెస్టెస్ అనే ప్రముఖుడు రోమ్‌లో కాన్సుల్ అనే ఉన్నత పదవి చేపట్టిన ఏడాది చెక్కినదది. ఆసీనుడైన కాన్సుల్ తలకు పైన రెండు గుండ్రటి చట్రాలలో రెండు చిన్న ముఖాలు కనిపిస్తాయి. ఒకటి, అప్పట్లో ఇటలీని ఏలుతున్న గోతులనే జర్మానిక్ జాతి బాలరాజు అథలారిక్‌దనీ, రెండోది అతని తల్లి అమలసుంతదనీ చెబుతారు. ఇటలీ పాలన నాలుగేళ్లుగా ఆమె చేతిలోనే ఉన్నా, కొడుకు ముఖం పక్కన పెడితే తప్ప ఆమె ముఖానికి అక్కడ చోటు దొరకలేదు. ఆమె పతనానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

రావెన్నా రాజధానిగా ఇటలీని మూడు దశాబ్దాలకు పైగా ఏలిన థియోడొరిక్ 526లో కన్నుమూసేనాటికి ఆయనకు మగ సంతానం లేదు. అల్లుడు యూథరిక్ అప్పటికే చనిపోయాడు. పదేళ్లయినా సరిగా నిండని మనవడు అథలారిక్ రాజయ్యాడు, కూతురు అమలసుంత సంరక్షకురాలైంది. గ్రీకు, లాటిన్, గోతిక్ మూడూ అనర్గళంగా మాట్లాడేదని ఆమె కొలువులోని కాసియోడోరస్ కొనియాడాడు. తండ్రి చివరి రోజుల్లో మరణశిక్షకు గురైన రోమన్ పెద్దలు బొయీథియస్, సిమ్మకస్‌ల పిల్లలకు జప్తు చేసిన ఆస్తులను తిరిగి ఇప్పించింది. కన్నతండ్రి చేసిన అన్యాయాన్ని ఆయన పోగానే సరిదిద్దడానికి ఎంత గుండెధైర్యం కావాలో ఊహించుకోవచ్చు.

ఆమెకూ గోతు దొరలకూ చెడింది పిల్లవాడి చదువు దగ్గర. ఆ కాలపు తూర్పు రోమన్ చరిత్రకారుడు ప్రొకోపియస్ చెప్పినదాని ప్రకారం, ఏదో తప్పు చేశాడని ఒకరోజు ఆమె అంతఃపురంలో కొడుకును కొట్టింది. వాడు ఏడుస్తూ మగవాళ్లుండే వైపుకు వచ్చాడు. అది చూసిన దొరలు మండిపడ్డారు. పంతులు బెత్తానికి జడిసినవాడు రేపు కత్తికీ బల్లేనికీ ఎదురు నిలవలేడనీ, థియోడొరిక్ గోతుల పిల్లలను బడికి పంపనిచ్చేవాడు కాదనీ వాదించారు. ఆమె తలొగ్గి కొడుకును అతని కంటే కాస్త పెద్దవాళ్లయిన కుర్రాళ్లకు అప్పగించింది. తాగుడుకు అలవాటుపడ్డ ఆ పిల్లవాడు జబ్బుచేసి 534లో చనిపోయాడు. రోమన్ చదువుల మోజే ఆమె కొంప ముంచిందనే మాటను నేను ఒప్పుకోను. రాజును పెంచే హక్కు ఎవరిదన్నదే అక్కడి తగవు. ఆ హక్కు చేజారిన రోజునే ఆమె అధికారానికి ఆధారం సడలింది.

తన పరిస్థితి ఆమెకు తెలియకపోలేదు. ముగ్గురు ప్రధాన ప్రత్యర్థులను వేర్వేరు సరిహద్దులకు పంపి హత్య చేయించింది. ఆ ఎత్తు బెడిసికొడితే తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్‌ను ఆశ్రయించేందుకు నలభై వేల పౌన్ల బంగారంతో ఓడను ముందే ఏడ్రియాటిక్ సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న ఎపిడామ్నస్ రేవుకు చేర్చింది; పని చక్కబడ్డాక ఓడను వెనక్కి రప్పించుకుంది. చంపించింది కాబట్టి ఆమెను నిర్దోషి అనలేం. కానీ ఇదే పని చేసిన మగ రాజును చరిత్ర కార్యదక్షుడనే అంటుంది.

కొడుకు పోయాక ఆమె మేనత్త కొడుకు థియోడహాద్‌ను సహపాలకుడిగా సింహాసనం ఎక్కించింది. టస్కనీలో ఇరుగుపొరుగు భూములు మింగిన ఇతని చేత వాటిని తిరిగి కక్కించింది ఆమే. పగబట్టినవాడని తెలిసీ పిలిచిందంటే, ఒంటరి స్త్రీని గోతులు రాజుగా అంగీకరించరని లెక్కవేసుకునే పిలిచింది. నెలలు తిరగకముందే అతడు ఆమెను బొల్సేనా సరస్సులోని దీవిలో బంధించాడు. 535లో ఆమెను స్నానాల గదిలో గొంతు నులిమి చంపారని ఆ శతాబ్దపు చరిత్రకారుడు జోర్డానెస్ రాశాడు.

అదే శతాబ్దంలో ఫ్రాంకుల చరిత్ర రాసిన తూర్ బిషప్ గ్రెగరీ అయితే బానిసతో లేచిపోయి, పూజాపాత్రలో విషం కలిపి తల్లిని చంపిన దుర్మార్గురాలిగా ఆమెను చిత్రించాడు. ప్రొకోపియస్ మెచ్చుకున్నప్పుడు కూడా పురుష స్వభావం గలదనే మెచ్చుకున్నాడు.

ఆమె హత్యనే సాకుగా చేసుకుని జస్టీనియన్ ఇటలీ మీదికి సేనలను పంపాడు. దాదాపు ఇరవై ఏళ్ల యుద్ధంలో గోతుల రాజ్యం తుడిచిపెట్టుకుపోయింది. 536లో థియోడహాద్‌ను కూలదోసి గోతులు రాజుగా ఎన్నుకున్న విటిగిస్‌కు రాజవంశపు నెత్తురు లేదు. అందుకని అతడు రావెన్నాకు వచ్చి, అమలసుంత కూతురు మతసుంతను ఆమెకు ఇష్టం లేకపోయినా పెళ్లాడాడు.