క్లాస్‌కి క్లాస్ ఏదని అడిగితే ఫీజు బ్యాలెన్స్ గుర్తొచ్చిందా సార్?

ఇందాక మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. సూర్యాపేట నుంచి వచ్చి ఎస్‌ఆర్ నగర్‌లో హాస్టల్లో ఉంటూ అమీర్‌పేటలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాడు. ఇవాళ క్లాసులో లేచి ఒక డౌట్ అడిగాడట. "సార్, పైథాన్‌లో అన్నీ ఆబ్జెక్టులే అన్నారు కదా, మరి క్లాస్ కూడా ఆబ్జెక్టేనా? అయితే దాని క్లాస్ ఏది?" దానికి ఆ సారు ఇచ్చిన జవాబు: "ముందు ఫీజు బ్యాలెన్స్ కట్టు, తర్వాత డౌట్లు అడుగుదువు గానీ." బ్యాచ్ మొత్తం నవ్విందట. ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది.

వాడు అడిగింది తిక్క ప్రశ్న కాదండీ. క్లాస్ అంటే అచ్చు లాంటిది, ఆబ్జెక్ట్ అంటే ఆ అచ్చుతో తయారైన వస్తువు. పైథాన్ ఆబ్జెక్ట్ మోడల్ మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. 5 ఏ క్లాసుకి చెందిందని టైప్ ఫంక్షన్‌ని అడగండి, ఇంట్ (పూర్ణాంకాల క్లాస్) అంటుంది. ఇంట్ ఏ క్లాసుకి చెందిందని అడగండి, టైప్ అంటుంది. మరి టైప్? దాని క్లాస్ కూడా టైపే. ఆ దారి అక్కడితో ఆగిపోతుంది. ఇప్పుడు రెండో దారి. ఇంట్‌కి పేరెంట్, అంటే పై క్లాస్, ఎవరు? ఆబ్జెక్ట్. టైప్‌కి పేరెంట్? అదీ ఆబ్జెక్టే. ఆబ్జెక్ట్ అనే ఆ క్లాస్ పైన ఇంకెవరూ లేరు. కానీ ఆ ఆబ్జెక్ట్ కూడా టైప్‌కి ఇన్‌స్టన్సే, అంటే టైప్ అనే క్లాసుకి చెందిన వస్తువే! దేనికి సబ్‌క్లాస్ (కింది క్లాస్) అన్నది ఒక సంబంధం, దేనికి ఇన్‌స్టన్స్ అన్నది వేరే సంబంధం. బోర్డు మీద రెండు రంగుల మార్కర్లతో బాణాలు గీస్తే చాలు, పిల్లలకు అర్థమైపోతుంది. ఆ మార్కర్ ఎత్తడానికి ఆయనకు చెయ్యి రాలేదు, ఫీజు అడగడానికి నోరు మాత్రం వచ్చింది.

ఇంతకీ అక్కడ చెప్పేదేమిటో మీకూ తెలుసు. "తండ్రి ఆస్తి కొడుక్కి వస్తుంది, అదే ఇన్‌హెరిటెన్స్." మైత్రీవనం చుట్టుపక్కల ఏ డెమో క్లాసులో కూర్చున్నా ఇదే వాక్యం. నాకు ఈ ఆస్తి కథంటే పరమ అసహ్యం. పైథాన్‌లో ఏ ఆస్తీ చేతులు మారదు. పేరెంట్‌లోని మెథడ్ (క్లాసులో రాసిన ఫంక్షన్) చైల్డ్‌లోకి కాపీ కాదు. మెథడ్‌ని పిలిచినప్పుడు పైథాన్ ముందు ఆ ఆబ్జెక్ట్ తాలూకు క్లాసులో వెతుకుతుంది, లేకపోతే పేరెంట్‌లో, అక్కడా లేకపోతే ఇంకా పైన. చివరిదాకా వెళ్లినా దొరక్కపోతే, ఆ పేరుతో ఏమీ లేదని చెప్పే ఆట్రిబ్యూట్ ఎర్రర్. అందుకే ప్రోగ్రామ్ నడుస్తుండగానే పేరెంట్‌లో మెథడ్‌ని మార్చేస్తే, అంతకుముందే తయారైన చైల్డ్ ఆబ్జెక్టులు కూడా కొత్త మెథడ్‌నే వాడతాయి. ఆస్తి పంపకాల కథ విన్న పిల్లాడికి ఇది చచ్చినా అర్థం కాదు.

ఇద్దరు పేరెంట్స్ ఉంటే ఎవరి దగ్గర ముందు వెతకాలి? దానికీ ఒక పద్ధతి ఉంది, పేరు సీ3. 2003లో వచ్చిన పైథాన్ 2.3 నుంచి వాడుతున్నారు. క్లాస్ ఎంఆర్‌ఓని (మెథడ్ కోసం వెతికే క్రమాన్ని) ప్రింట్ చేస్తే వెతికే వరుస మొత్తం స్క్రీన్ మీద కనబడుతుంది. మన సార్లేమో "మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్ కన్ఫ్యూజన్ అమ్మా, వదిలెయ్యండి" అని తర్వాతి టాపిక్‌కి వెళ్లిపోతారు. కన్ఫ్యూజన్ ఎవరికి?

ఇంకో ఘోరం చెప్తాను. మా వాడి జిరాక్స్ మెటీరియల్ ఫొటోలు పంపించమన్నాను. అందులో "పైథాన్ ప్రిమిటివ్ డేటా టైప్స్" అని పెద్ద హెడ్డింగ్! జావా అనే వేరే భాష నోట్స్‌లో పేర్లు మార్చి అమ్ముతున్నారు. జావాలో ఇంట్ ఆబ్జెక్ట్ కాదు, నిజమే, అక్కడ అది ప్రిమిటివ్, అంటే మెథడ్స్ లేని ఉత్త విలువ. పైథాన్‌లో 5 కూడా ఆబ్జెక్టే, దానికీ మెథడ్స్ ఉంటాయి. బూల్ (ట్రూ, ఫాల్స్‌ల క్లాస్) అయితే ఏకంగా ఇంట్‌కి సబ్‌క్లాస్, ట్రూకి ట్రూ కలిపితే 2 వస్తుంది. ఈ ఒక్క ఉదాహరణ చెప్తే ఎంతమంది పిల్లల కళ్లు వెలుగుతాయో!

1970లలో అమెరికాలో జిరాక్స్ పార్క్ అనే పరిశోధనా కేంద్రంలో అలన్ కే, అడెల్ గోల్డ్‌బర్గ్ లాంటివాళ్లు స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. క్లాసులు కూడా ఆబ్జెక్టులే అన్న ఆలోచనకు పునాది వేసిన భాషల్లో అది ముఖ్యమైనది. దాంట్లో స్కూలు పిల్లల చేత ప్రోగ్రాములు రాయించి చూశారు వాళ్లు. స్కూలు పిల్లల చేత! ఇక్కడ బీటెక్ పాసైన కుర్రాడు అదే సంగతి అడిగితే అవమానించి కూర్చోబెడతారు.

ఈ జబ్బు అమీర్‌పేటలో పుట్టింది కాదు. ఇంటర్‌లో ఫిజిక్స్ ఫార్ములా ఎలా వచ్చిందని అడిగితే మా లెక్చరర్ ఏమన్నాడో ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఎంసెట్‌లో డెరివేషన్ అడగరు, కూర్చో." అడిగిన నన్ను చూసి వెనక బెంచీవాళ్లే కాదు, ముందు బెంచీవాళ్లూ నవ్వారు. తర్వాత క్లాసులో ఎవరూ చెయ్యి ఎత్తలేదు. తెలియకపోతే "రేపు చూసి చెప్తాను" అనొచ్చు కదా! ఆ మాట అంటే ఏ సారుకీ పరువు పోదు. అలా అన్న ఒక్క లెక్చరర్ని కూడా ఆ రెండేళ్లలో చూడలేదు నేను. అక్కడ నోరు మూయించిన పిల్లలే బీటెక్‌లో ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీపట్టి, అమీర్‌పేటకొచ్చి మళ్లీ బట్టీపడుతున్నారు.

మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో ఇంటర్వ్యూలు తీసుకునే అన్నలూ అక్కలూ, మీరూ దీనికి బాధ్యులే. "ఊప్స్‌కి ఫోర్ పిల్లర్స్ చెప్పు" అని, అంటే క్లాసులు, ఆబ్జెక్టులతో ప్రోగ్రామ్ రాసే పద్ధతికి నాలుగు మూలసూత్రాలు అప్పజెప్పమని మీరు అడుగుతున్నంత కాలం కోచింగ్ సెంటర్లు అదే అమ్ముతాయి. దాని బదులు క్లాస్ లెవెల్లో ఒక ఖాళీ లిస్ట్ పెట్టి, రెండు ఆబ్జెక్టులు తయారుచేసి, ఒకదానితో ఆ లిస్ట్‌లో ఒక విలువ అపెండ్ చేయించండి. రెండోదాంట్లో కూడా ఆ విలువ ఎందుకు కనబడుతోందని అడగండి. లిస్ట్ ఉన్నది క్లాసులో, ఆబ్జెక్టుల్లో కాదు అని చెప్పిన పిల్లాడిని తీసుకోండి, వాడికి ఆ నాలుగింట్లో ఒకటైన ఎన్‌క్యాప్సులేషన్ డెఫినిషన్ నోటికి రాకపోయినా సరే.