స్టెంటుకు లక్షలిస్తారు, మాత్రల ఖర్చు మాత్రం మనదే

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకున్న కుటుంబాలను చూసినవాళ్లెవరూ దీన్ని తప్పుపట్టరు. కానీ లక్షలు మింగే జబ్బులు చాలావరకు ఎక్కడ మొదలవుతున్నాయో అక్కడ ఇంత ఉదారత కనిపించదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఏపీలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. దేశ సగటు 24. పొట్ట దగ్గర కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు, షుగర్ వస్తుంది. దానికి బీపీ తోడైతే రక్తనాళాలు, కిడ్నీలు, కళ్లు దెబ్బతింటాయి. ఏళ్ల తరబడి ఇదంతా నొప్పి తెలియకుండానే సాగుతుంది. అందుకే డబ్బుకు కటకటైన నెలలో ముందు ఆగిపోయేవి మాత్రలే.

ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవాళ్లకు. పీహెచ్‌సీలో మాత్రలు ఉచితమే, నిజమే. కానీ ఒక పూట కూలి వదులుకుని వెళ్తే స్టాకు లేదన్నారనుకోండి, ఆ మనిషి మళ్లీ వెళ్తాడా? మెడికల్ షాపులో కొంటాడు, లేదంటే మానేస్తాడు. 2021-22లో దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 39 శాతం జనం జేబుల్లోంచే పోయింది. చివరికి కిడ్నీ చెడితే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. అది ఉచితంగా జరిగినా బస్సు చార్జీలు, తోడు వచ్చినవాళ్ల కూలి నష్టం ఎక్కడికి పోతాయి?

తిండి సంగతీ అంతే. తెలంగాణ 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తోంది. దొడ్డుబియ్యం తినలేక అమ్ముకునే బాధ తప్పింది, సంతోషం. కందిపప్పు, కూరగాయలు మాత్రం బజారు ధరకే. చౌకగా దొరికేదే కంచం నిండా ఉంటుంది. లావెక్కినవాళ్లను నోరు కట్టుకోమని చెప్పడం తేలికే, డాక్టర్లు చెబుతూనే ఉన్నారు.

తమిళనాడు 2021 ఆగస్టు నుంచి షుగర్, బీపీ మాత్రలను ఇంటికే పంపుతోంది. మన దగ్గరా ఆశా కార్యకర్తలున్నారు, ఏఎన్‌ఎంలున్నారు, ఏపీలో ఊళ్లకు 104 సంచార వైద్య వాహనాలు వస్తున్నాయి. వచ్చే బడ్జెట్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి ఇంకెంత పెంచుతారని కాదు, ఈ మాత్రలు ఏ నెలా ఆగకుండా అందించడానికి ఎంత కేటాయిస్తారని అడగాలి.