డిస్క్‌వరల్డ్: ఎక్కడ మొదలుపెడితే ముందుకు సాగుతుంది?

ఇంగ్లండ్ హాస్య రచయిత టెర్రీ ప్రాచెట్ రాసిన డిస్క్‌వరల్డ్ ఫాంటసీ నవలలు 41. మొదటిది 1983లో వచ్చింది. చివరిది 2015లో, ఆయన పోయిన కొన్ని నెలలకి. వారపత్రికల్లో సీరియళ్లు చదివి పెరిగినవాళ్లకి ఇంత పొడుగు వరస కనిపిస్తే ఒకటో నంబరు నుంచే మొదలుపెట్టాలని ఉంటుంది. ‘జరిగిన కథ’ తెలియకుండా మధ్యలో దూరడం మనకి ఎబ్బెట్టు. కానీ ఇది సీరియల్ కాదు. ఒకే లోకంలో నడిచే అరడజను కథావరసలు, వాటి పక్కన ఏ వరసకీ చెందని కొన్ని విడి నవలలు. అందుకే ముందు వచ్చింది ఏదని అడిగినా, అన్నిట్లోకీ గొప్పది ఏదని అడిగినా దారి తప్పుతాం. అడగాల్సింది వేరే: ఇది ముగించాక అందుకోవాల్సిన రెండో పుస్తకం ఏదో మనకి తెలుస్తుందా?

ఒకటో నంబరు ‘ద కలర్ ఆఫ్ మ్యాజిక్’. చెడ్డ పుస్తకమేం కాదు. కానీ అది ఆటపట్టించేది అంతకుముందు తరాల ఇంగ్లీషు ఫాంటసీని: ఫ్రిట్జ్ లైబర్ కత్తివీరుల్ని, ఆన్ మెకాఫ్రీ డ్రాగన్లని, లవ్‌క్రాఫ్ట్ భయంకర దేవతల్ని. చందమామ భేతాళ కథల మీదుగా వచ్చిన పాఠకుడికి ఆ అసలు కథలే తెలియవు, ఇక పేరడీకి నవ్వెక్కడ వస్తుంది? పైగా అది నాలుగు విడి ఘట్టాల పుస్తకం. చివర్లో హీరో లోకం అంచు మీంచి పడిపోతాడు, మిగతా కథ 1986 నాటి ‘ద లైట్ ఫెంటాస్టిక్’లో ఉంటుంది. అంటే మొదటిది ఒక్కటే తెచ్చుకుంటే సగం కథే తెచ్చుకున్నట్టు. వరసలోనే చదువుతానని పట్టుబట్టేవాళ్లు రెండూ కలిపి తెచ్చుకోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ నవలల్లో మృత్యువు కూడా ఒక పాత్ర. ఇందులోని మృత్యువు కక్షసాధింపు మనిషి. తర్వాతి నవలల్లో పాఠకులు ప్రేమించిన, పిల్లుల్ని ముద్దుచేసే మృత్యువు ఇంకా పుట్టలేదు.

ఈ కథలు నడిచే లోకం ఇలా ఉంటుంది: తాబేలు మీద నాలుగు ఏనుగులు, వాటి మీద పళ్లెంలాంటి భూమి. కూర్మావతారం, అష్టదిగ్గజాలు ఎరిగిన మనకి ఇది వివరించక్కర్లేదు, దిగ్గజాలు నాలుగు తగ్గాయంతే. అయితే తాబేలు కోసం ఈ నవలల్లోకి వెళితే నిరాశే. చాలావాటిలో అది ఒకటి రెండు పేరాలకి మించి కనిపించదు.

రెండో పొరపాటు దీనికి తలకిందులు. అభిమానుల్ని అడిగితే ఎక్కువమంది ‘నైట్ వాచ్’ (2002) గొప్పదంటారు. నిజమే. కానీ అది 29వ నవల. నగర పోలీసు అధికారి సామ్ వైమ్స్ కాలంలో వెనక్కి జారి, కుర్రవాడిగా ఉన్న తనకే గురువుగా నిలబడాల్సి వస్తుంది. ఆయన వదులుకోవాల్సి వచ్చిన ఇల్లు, భార్య, ఉద్యోగం ఎంత కష్టపడి సంపాదించుకున్నవో తెలిసినవాళ్లకే ఆ కథ గుచ్చుకుంటుంది. తెలియనివాళ్లకి అది ఓ మంచి సాహస కథ, అంతే. గొప్ప పుస్తకాన్ని అలా వృథా చేసుకోవడం ఎందుకు?

అందుకే నా ఓటు ‘గార్డ్స్! గార్డ్స్!’కి (1989). అందులో వైమ్స్ మొదటిసారి కనిపించేది తాగి మురిక్కాలవలో పడి. తర్వాత ‘మెన్ ఎట్ ఆర్మ్స్’, ‘ఫీట్ ఆఫ్ క్లే’, ‘జింగో’, ‘ద ఫిఫ్త్ ఎలిఫెంట్’, ఆ పైన ‘నైట్ వాచ్’. ఆరో పుస్తకానికి చేరేసరికి ఆ మురిక్కాలవ మనకీ గుర్తుంటుంది, వైమ్స్‌కీ గుర్తుంటుంది. మొదటి నవలలో ఇబ్బందిపెట్టేది ఆరంభం. రహస్య సంఘం గుమ్మం దగ్గర సంకేత పదాల ప్రహసనం, కొండల్లో డ్వార్ఫుల (మరుగుజ్జు జాతి) పెంపకంలో ఆరడుగులు పెరిగిన కారట్ అనే కుర్రాడు, తాగిన వైమ్స్: మూడు పోగులు విడివిడిగా నడుస్తాయి. కారట్ నగరంలో అడుగుపెట్టి ఉద్యోగంలో చేరాక అవి ముడిపడతాయి. ఓపిక అక్కడిదాకా చాలు.

విదేశాల్లో ఉంటున్న మనకి ఈ వరస ఇంకో విధంగా కూడా దగ్గర. ఆంక్-మోర్‌పోర్క్ నగరం, అంటే వైమ్స్ ఉద్యోగం చేసే ఊరు, నిండా వలస వచ్చిన డ్వార్ఫులు, రాతి మనుషులైన ట్రోల్స్. ‘ద ఫిఫ్త్ ఎలిఫెంట్’కి వచ్చేసరికి, నగరంలో స్థిరపడ్డ డ్వార్ఫులు అసలు డ్వార్ఫులే కాదని కొండల్లోని ఛాందసులు తేల్చేస్తుంటారు. ‘జింగో’లో యుద్ధం మాట వినపడగానే, నగరంలో హోటల్ పెట్టుకుని బతుకుతున్న పరదేశి కుటుంబం మీదకి ఇరుగుపొరుగు చూపు ఎలా మళ్లుతుందో చూడండి. అందరి విషయంలోనూ ప్రాచెట్ ఇంత జాగ్రత్తగా ఉన్నాడని కాదు. ‘ఇంట్రెస్టింగ్ టైమ్స్’లో చైనా, జపాన్‌లని కలగలిపి గీసిన వ్యంగ్యచిత్రం ఇవాళ చదివితే కాస్త చివుక్కుమనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌వాళ్లకి మాత్రం వేరే గుమ్మం: ‘గోయింగ్ పోస్టల్’ (2004). 33వదైనా హీరో కొత్తవాడు, పాత సంగతులు తెలియక్కర్లేదు. ఉరికంబం ఎక్కిన మోసగాడికి మూతపడ్డ తపాలాఫీసు అప్పగిస్తారు. పోటీ క్లాక్స్ అనే, టవర్ నుంచి టవర్‌కి సందేశాలు పంపే వ్యవస్థతో. దాన్ని కట్టిన ఇంజనీర్ల చేతుల్లోంచి డబ్బున్నవాళ్లు లాగేసుకుని, మరమ్మతులు మానేసి లాభాలు పిండుకుంటుంటారు. చనిపోయిన ఆపరేటర్ల పేర్లని లైన్ మీద తిప్పుతూ ఉండటానికి అక్కడ ఒక కోడ్ ఉంది: జీఎన్‌యూ. జీ అంటే ముందుకు పంపు, ఎన్ అంటే లాగ్‌లో రాయకు, యూ అంటే లైను చివర వెనక్కి తిప్పు. ప్రాచెట్ పోయాక ప్రోగ్రామర్లు తమ సర్వర్ల హెడర్లలో (వెబ్ పేజీతోపాటు కనపడకుండా వెళ్లే సమాచారంలో) ఈ కోడ్‌తో ఆయన పేరు చేర్చారు, చాలా సైట్లలో అది ఇంకా తిరుగుతోంది. దీని తర్వాత ‘మేకింగ్ మనీ’. మూడోదైన ‘రైజింగ్ స్టీమ్’కి మాత్రం తొందరపడొద్దు. తనకి ఉందని ప్రాచెట్ 2007లో బయటపెట్టిన అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) అప్పటికి బాగా ముదిరింది, వాక్యాల్లో పాత బిగువు లేదు. పైగా అందులో వైమ్స్ వరస మనుషులు చాలామంది వస్తారు.

మంత్రగత్తెల వరసలో ‘ఈక్వల్ రైట్స్’ ముందు వచ్చినా ‘విర్డ్ సిస్టర్స్’తో మొదలుపెట్టడం మేలు. హైస్కూల్లో మాక్‌బెత్ చదివిన పిల్లలకి జోకులు వెంటనే అందుతాయి. తర్వాతి రెండూ, ‘విచెస్ అబ్రాడ్’, ‘లార్డ్స్ అండ్ లేడీస్’, ఆ క్రమంలోనే చదవాలి. మృత్యువు వరసకి ‘మోర్ట్’. ఒక్కటంటే ఒక్కటే చదువుతామనేవాళ్లకి ‘స్మాల్ గాడ్స్’: నిజంగా నమ్మే భక్తుడు ఒక్కడే మిగిలితే దేవుడు చిన్న తాబేలై చిక్కుకుపోతాడు. అద్భుతమైన నవల, కానీ విడి పుస్తకం. ముగిశాక ఎటు వెళ్లాలో అది చెప్పదు, చాలామంది అక్కడే ఆగిపోతారు.

చదివే పద్ధతి గురించి రెండు మాటలు. పెద్దవాళ్ల కోసం రాసిన నవలల్లో ఎక్కువవాటికి అధ్యాయాలు లేవు, ‘ఈ అధ్యాయం అయ్యాక పడుకుందాం’ అనేది కుదరదు. సన్నివేశాల మధ్య వదిలిన ఖాళీలే మజిలీలు. ఫుట్‌నోట్లు దాటేయకూడదు, సగం హాస్యం అక్కడే. కొన్ని ఈ-బుక్కుల్లో అవి పుస్తకం చివరికి పోతాయి, కాబట్టి మొదటి నవల వరకైనా అచ్చు ప్రతి తీసుకోండి. ఆడియో అయితే 2022 నుంచి పెంగ్విన్ విడుదల చేసిన కొత్త రికార్డింగులు. వాటిలో ఫుట్‌నోట్లు బిల్ నై గొంతులో, మృత్యువు మాటలు పీటర్ సెరాఫినోవిచ్ గొంతులో వస్తాయి కాబట్టి ఏది కథో ఏది నోటో తికమక ఉండదు. టోనీ రాబిన్‌సన్ చదివిన పాతవి బావుంటాయి గానీ కుదించినవి. లైబ్రరీ నుంచి తెచ్చుకునేవాళ్లు మొదటిది సగంలో ఉండగానే రెండోదానికి హోల్డ్ పెట్టేయాలి. మధ్యలో నెల గడిస్తే పేర్లు మర్చిపోతారు.

పిల్లలకి ‘ద వీ ఫ్రీ మెన్’. అందులో మంత్రగత్తె కాబోయే హీరోయిన్ టిఫనీ వయసు తొమ్మిది, నవలకి అధ్యాయాలున్నాయి. నీలిరంగు చిట్టి మనుషుల స్కాట్లాండ్ యాస కళ్లతో చదివితే అర్థం కాదు, పైకి చదివితే అవుతుంది. టిఫనీ పుస్తకానికో రెండేళ్లు పెరుగుతుంది, కథలూ ఆమెతోపాటు పెరుగుతాయి. ఇది తల్లిదండ్రులు గమనించాలి. నాలుగోదైన ‘ఐ షల్ వేర్ మిడ్‌నైట్’ మొదట్లోనే గర్భవతి అయిన పదమూడేళ్ల పిల్లని తండ్రి కొట్టడం, గర్భం పోవడం ఉంటాయి. పదేళ్ల పిల్ల మూడు పుస్తకాలు గబగబా ముగించి నాలుగోది అడిగితే కొన్నేళ్లు ఆపడమే నయం. ఈలోగా పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ మెడల్ అందుకున్న ‘ది అమేజింగ్ మారిస్’ ఉంది. ఎలుకల కథే గానీ అదీ కాస్త భయపెడుతుంది. ఇక చివరి నవల ‘ద షెపర్డ్స్ క్రౌన్’ని పెద్దవాళ్లయినా ముందుగా ముట్టుకోవద్దు. టిఫనీ పుస్తకాలు నాలుగూ, మంత్రగత్తెల వరస మొత్తమూ అయ్యాకే దాన్ని తీయాలి. అట్ట వెనక రాసింది కూడా అప్పటిదాకా చదవకపోవడమే మంచిది.