ఇన్ని అక్షరాలెందుకండీ?

పిల్లాడి పేరు శుభ్రంగా సాత్విక్. ఇంగ్లీషులో రాసేసరికి మూడు 'ఏ'లు, రెండు 'టీ'లు, చివర ఊరికే ఒక 'హెచ్'! సంఖ్యాశాస్త్రం లెక్క కుదరాలట. అందులో కల్దియన్ అనే ఒక పద్ధతిలో ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి 1 నుంచి 8 దాకా ఏదో ఒక అంకె ఉంటుంది. నోరు తిరుగుతుందా లేదా అన్నది మాత్రం ఆ లెక్కలోకి రాదు. అసలే ఆ 26 అక్షరాలతో త, ట తేడా చూపించడమే గగనం. హాజరు పిలిచే టీచరమ్మ 'సాఆట్టవిఖ్' అని తుమ్మినట్టు పలికితే తల్లిదండ్రులకి కోపం! మీరు రాసిందే కదండీ ఆవిడ చదివింది? ఇక సర్టిఫికెట్‌లో ఒక 'టీ' తగ్గి, పాస్‌పోర్టులో ఒక 'ఏ' పెరిగిందా, దిద్దించుకోవడానికి కౌంటర్ల చుట్టూ తిరిగేది ఆ పిల్లాడే. లెక్క కట్టినాయన ఫీజు ఎప్పుడో పుచ్చేసుకున్నాడు.